టైప్ రేటింగ్ బ్యాచ్, పెళ్లి లగ్నం ఒకే నెలలో పడితే ఏ తేదీ మార్చాలి?

ప్రొద్దుటూరు నుంచి ఒకమ్మాయి అడిగారు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చింది. ఒక ఎయిర్‌లైన్‌లో ట్రైనీ ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, ఎంపికయ్యారు. ఏప్రిల్ మొదటి వారంలో ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి ఇచ్చే శిక్షణ) బ్యాచ్ మొదలవుతుందని మెయిల్ వచ్చింది. ఈలోగా ఇంట్లో పెద్దలు ఏప్రిల్ ఆఖరి వారంలో లగ్నం పెట్టుకున్నారు. వాళ్లమ్మగారికి మోకాలి మార్పిడి ఆపరేషన్ కూడా ఈ వేసవిలోనే చేయించాలనుకుంటున్నారు. ఆమె అడిగేది: పెళ్లికి వారం రోజులు సెలవు ఇస్తారా, బ్యాచ్ మార్చమంటే ఆఫర్ పోతుందా, లేక పెళ్లే వాయిదా వేసుకోవాలా?

నాది అనంతపురం. ఏ320 మీదే ఎక్కువ కాలం ఎగిరాను, కొన్నేళ్లుగా కొత్తవాళ్లకు సిమ్యులేటర్‌లోనూ లైన్ మీదా (ప్రయాణికులున్న విమానాల్లో) శిక్షణ ఇస్తున్నాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది ఫోన్‌లో అడిగారు, అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు. వారం సెలవు అడగొద్దు. పెళ్లి తేదీ అలాగే ఉంచి తర్వాతి బ్యాచ్ అడగండి. లేదా బ్యాచ్ మొదలవకముందే, అంటే ఫాల్గుణంలో, ఇంకో ముహూర్తం దొరుకుతుందేమో చూడండి. ఈ రెండింటిలో ఏదైనా మంచిదే. మొదటి సిమ్యులేటర్ సెషన్ నుంచి లైన్ రిలీజ్ (ట్రైనర్ పర్యవేక్షణ లేకుండా ఎగరడానికి వచ్చే అనుమతి) దాకా మధ్యలో మాత్రం ఏ శుభకార్యమూ పెట్టుకోకండి. అంతకు ముందైనా పెట్టుకోవచ్చు, ఆ తర్వాతైనా పెట్టుకోవచ్చు. మధ్యలో ఖాళీ ఇస్తే దాన్ని పూడ్చడం చాలా కష్టం.

ఎందుకంటే టైప్ రేటింగ్ కాలేజీ సెమిస్టర్ లాంటిది కాదు. మొదటి రెండు మూడు వారాలు గ్రౌండ్ క్లాసులు ఉంటాయి. హైడ్రాలిక్స్, ఎలక్ట్రికల్, ఫ్లైట్ కంట్రోల్స్, పెర్ఫార్మెన్స్ చదివి పరీక్ష రాయాలి. అక్కడ ఒకరోజు పోతే రాత్రి కూర్చుని చదువుకుని అందుకోవచ్చు. తర్వాత కదలని ట్రైనర్, అంటే కాక్‌పిట్ నమూనా, మీద ప్రొసీజర్లు నేర్పుతారు. దాని తర్వాత అసలు సిమ్ వస్తుంది. ఒక్కో సెషన్ నాలుగు గంటలు, ఇద్దరు ట్రైనీలు చెరో రెండు గంటలు నడుపుతారు. ముందు బ్రీఫింగ్, తర్వాత డీబ్రీఫింగ్ కలిపితే ఆరేడు గంటలు పోతాయి. సిమ్యులేటర్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి మీ స్లాట్ రాత్రి రెండింటికి కూడా పడొచ్చు. సిమ్ అయ్యాక స్కిల్ టెస్ట్, ఆ తర్వాత ప్రయాణికులు లేని నిజమైన విమానంలో టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు చేయించే బేస్ ట్రైనింగ్. లైసెన్స్ మీద టైప్ ఎక్కాక, అంటే ఏ320 నడపొచ్చని నమోదయ్యాక, ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని ప్రయాణికులతో ఎగరడం. చివర్లో రిలీజ్ చెక్.

పుస్తకంలోది మరిచిపోతే మళ్లీ చదువుకోవచ్చు. సిమ్‌లో నేర్చుకునేది చేతికీ కాలికీ కంటికీ కలిపి అలవాటయ్యే పని. నిన్నటి సెషన్ మీద ఇవాళ్టిది నిలబడుతుంది. నాలుగు రోజులు గ్యాప్ వస్తే నాలుగు రోజులు వెనకబడినట్టు కాదు. ఆరో సెషన్‌కు వచ్చినవాళ్లు మళ్లీ నాలుగో సెషన్ దగ్గర నిలబడతారు.

ఇది నాకు జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. నా టైప్ రేటింగ్ సగంలో ఉండగా తమ్ముడి పెళ్లి వచ్చింది, ధర్మవరంలో. "అక్క లేకుండా పెళ్లేమిటి, నాలుగు రోజులే కదా" అన్నారు అందరూ. నాకూ అంతే అనిపించింది. సిమ్యులేటర్ ఉన్నది ఢిల్లీ పక్కన. అక్కడి నుంచి బెంగళూరుకు విమానం, దేవనహళ్లి నుంచి హైవే మీద పెనుకొండ దాటుకుని ఇంటికి. వచ్చేటప్పటికి అర్ధరాత్రి. ముహూర్తం తెల్లవారుజామున. తలంబ్రాలు, అప్పగింతలు, చుట్టాల పలకరింపులు. మూడు రాత్రుల్లో మొత్తం కలిపి ఎనిమిది గంటలు కూడా నిద్రపోలేదు.

తిరిగి వెళ్లిన మరునాడు రాత్రి స్లాట్. టేకాఫ్ పరుగులో వీ-వన్ (ఇక ఆగకుండా ఎగరాల్సిందే అనే వేగం) దాటగానే ఇన్‌స్ట్రక్టర్ కుడి ఇంజిన్ ఆపేశారు. ముక్కు కుడికి లాగుతుంది, ఎడమ కాలు వెంటనే నొక్కాలి. అంతకుముందు వారం ఆలోచించకుండా చేసిన పని అది. ఆ రోజు కాలు కదలడానికే ఆలస్యమైంది. అది సరిచేసుకునే కంగారులో 400 అడుగులు దాటకముందే ఈక్యామ్ (లోపం వస్తే ఏం చేయాలో చూపే తెర) చర్యలు చదవడం మొదలుపెట్టాను. అది చేయకూడదు. ముందు విమానాన్ని నిలబెట్టాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. అదే ఎక్సర్‌సైజ్ నాతో నాలుగుసార్లు చేయించారు. ఆ నాలుగుసార్లూ నా సిమ్ పార్ట్‌నర్ సమయం లోంచి పోయాయి. ఒడిశా అబ్బాయి, నన్ను ఒక్క మాట అనలేదు. నాకు రెండు అదనపు సెషన్లు పెట్టారు. అవి పూర్తయ్యేదాకా అతని స్కిల్ టెస్ట్ కూడా ఆగింది. నేను ఫెయిలవుతానేమో అన్న భయం కన్నా అతన్ని ఆపేశానన్న బాధే ఎక్కువగా ఉండింది.

మీ సెలవు మీ ఒక్కరిది కాదు. ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్ మిమ్మల్ని జంటగా చూస్తుంది. ఒకరు కదిలితే ఇంకొకరికి కొత్త జోడీ వెతకాలి, స్లాట్లు మార్చాలి. బ్యాచ్ మొదలవకముందు మీ పేరు తీసి తర్వాతి జాబితాలో రాయడం వాళ్లకు చిన్న పని. మొదలయ్యాక అదే పెద్ద తలనొప్పి. "ఆఫర్ పోతుందా" అని మీరు భయపడుతున్నారు కానీ ముందుగా, మర్యాదగా, కారణంతో అడిగినందుకు ఆఫర్ పోయినవాళ్లను నేను చూడలేదు. మొదలుపెట్టి మధ్యలో ఇబ్బందిపడి, ట్రైనింగ్ రికార్డులో అదనపు సెషన్లు రాయించుకున్నవాళ్లను చూశాను. ఆ రికార్డు రేపు కెప్టెన్ అప్‌గ్రేడ్ దాకా మీ వెంట వస్తుంది.

అయితే బ్యాచ్ మారితే నష్టమే లేదని చెప్పను. చాలా కంపెనీల్లో సీనియారిటీ చేరిన తేదీని బట్టి ఉంటుంది. రెండు నెలలు వెనక్కి పోతే మీ ముందు ముప్పై నలభై మంది చేరిపోవచ్చు. బెంగళూరు బేస్ కావాలనుకున్నా, రేపు కమాండ్ అప్‌గ్రేడ్ వరుస వచ్చినా ఆ తేడా కనిపిస్తుంది. స్టైపెండ్ ఆలస్యమవుతుంది. చదువు కోసం బ్యాంకు లోన్ తీసుకుని ఉంటే ఈఎంఐ మాత్రం ఆగదు. ఇంట్లో ఈ లెక్క కూడా వేసుకుని తేల్చుకోండి. నా మటుకు నేను రెండు నెలల సీనియారిటీ వదులుకోమనే చెబుతాను.

ఇంకో సంగతి మీకు అనుకూలంగా ఉంది. పెళ్లి వైశాఖంలో జరిగి తర్వాతి బ్యాచ్ జూన్, జూలైల్లో పడితే ఆషాఢం దగ్గరపడుతుంది. ఆషాఢంలో కొత్త కోడలు ఎలాగూ పుట్టింటికి వెళుతుంది కదా. మన ఇళ్లలో ఆ నెల భార్యాభర్తలు వేరుగా ఉండటాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఆ నెల మీరు గ్రౌండ్ క్లాసుల్లో ఉంటే అత్తగారింట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పాల్సిన పని ఉండదు. నా దగ్గర శిక్షణ తీసుకున్న కర్నూలు అమ్మాయి ఒకరు సరిగ్గా ఇలాగే చేశారు. వాళ్లత్తగారే బ్యాగు సర్ది పంపారు. అధిక మాసం వచ్చిన ఏడాది లెక్క కొంచెం మారుతుంది, పంచాంగం ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు మెయిల్ సంగతి. ఫోన్లు చేసి, తెలిసినవాళ్ల చేత చెప్పించి, అంతా అయ్యాక మెయిల్ పంపేవాళ్లు ఉంటారు. అలా చేయకండి. ఒకే మెయిల్ నేరుగా ట్రైనింగ్ విభాగానికి, కాపీ హెచ్ఆర్‌కు. పెళ్లి ఫలానా తేదీన నిశ్చయమైంది, ఆ బ్యాచ్‌కు బదులు తర్వాతి బ్యాచ్‌లో చేరడానికి అనుమతి కోరుతున్నాను, ఫలానా తేదీ తర్వాత ఎప్పుడైనా సిద్ధం, ఈ మార్పు వల్ల సీనియారిటీ, స్టైపెండ్, బాండ్ నిబంధనలు ఎలా మారతాయో తెలియజేయండి. ఇంతే, ఆరు వాక్యాలు దాటక్కర్లేదు. కష్టాలన్నీ రాయకండి. ఆఫర్ లెటర్‌లో ఆఖరి జాయినింగ్ తేదీ అని ఏమైనా ఉందేమో చదివి, ఉంటే ఆ తేదీకి లోపలే అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా పాత బ్యాచ్‌కు వెళ్లడానికి కూడా సిద్ధంగా ఉండండి. బ్యాచ్ జాబితా ఖరారు కాకముందు ఆ మెయిల్ చేరితే సగం పని అయినట్టే. మీకింకా రెండు నెలలకు పైగా సమయం ఉంది.

ఒకవేళ కుదరదు అన్నారనుకోండి. అప్పుడు పెళ్లినే కదపాలి. ముందుకు, అంటే ఫాల్గుణానికి, కదపడం మేలు. వెనక్కి కదిపితే శ్రావణం అంటారు. ఆగస్టు వచ్చేసరికి మీరు సిమ్ పూర్తి చేసి బేస్ ట్రైనింగ్ దగ్గరో, లైన్ ఫ్లయింగ్ మొదట్లోనో ఉంటారు. బేస్ ట్రైనింగ్ అయ్యాక లైసెన్స్ మీద టైప్ ఎక్కేదాకా కొన్నాళ్లు ఖాళీ దొరుకుతుంది కానీ అది ఏ తేదీన వస్తుందో ఎవరూ చెప్పలేరు. కల్యాణ మండపం అడ్వాన్సు ఆ నమ్మకం మీద కట్టలేం. అందుకే శ్రావణం వద్దు, కార్తీకమో మార్గశిరమో చూడమంటాను. అప్పటికి మీరు రిలీజై రోస్టర్‌లో పడితే వార్షిక సెలవు అడిగి హాయిగా పెళ్లి చేసుకోవచ్చు.

అమ్మగారి ఆపరేషన్ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం మీ ప్రశ్నలో అన్నిటికన్నా బరువైనది అదే అనిపించింది. పెళ్లి ఒక రోజు. మోకాలి మార్పిడిలో ఆపరేషన్ కన్నా తర్వాత ఫిజియోథెరపీ ముఖ్యం, మొదటి ఐదారు వారాలు పక్కన మనిషి ఉండాలి. అది మీరు సిమ్‌లో ఉన్న వారాల్లో పడితే, ఒళ్లు సిమ్‌లో ఉన్నా మనసు ఇంట్లో ఉంటుంది. ఇది ప్రాణం మీదికొచ్చిన ఆపరేషన్ కాదు కాబట్టి తేదీ మన చేతిలో ఉంది. డాక్టర్‌ని అడిగి, వీలైతే ఇప్పుడే చేయించండి. పెళ్లినాటికి ఆవిడ నడిచి తిరుగుతారు. వీలుకాకపోతే మీరు రిలీజయ్యాక చేయించండి. పెళ్లి అయిన మరుసటి వారం ఆపరేషన్, ఆ పై వారం మీ జాయినింగ్ అనే పద్ధతి మాత్రం వద్దు.

కొన్నేళ్ల కిందట ఒక ట్రైనీ స్కిల్ టెస్ట్ ముందు మూడు సెషన్లు వరుసగా పాడుచేశాడు. అంతకుముందు బాగా చేసినవాడు. చెక్‌లిస్ట్ మధ్యలో ఆగిపోయేవాడు, రేడియోలో పిలిస్తే రెండోసారి పలికేవాడు. డీబ్రీఫింగ్ ఆపేసి, టీ తాగుతూ అడిగితే అప్పుడు చెప్పాడు. వాళ్ల నాయనకు గుండె ఆపరేషన్, కడపలో మొదలై బెంగళూరు దాకా వెళ్లింది. ఎవరికైనా చెబితే వీక్ అనుకుంటారని మూడు వారాలు దాచాడు. అతన్ని పది రోజులు ఇంటికి పంపించి, వచ్చాక రెండు రిఫ్రెషర్ సెషన్లు ఇచ్చి టెస్ట్ పెట్టాం. మొదటిసారే పాసయ్యాడు. ఇప్పుడు కెప్టెన్. మధ్యలో గ్యాప్ వద్దని పైన చెప్పినదానికి ఇది విరుద్ధంగా కనిపించొచ్చు. ముహూర్తం మనం పెట్టుకునేది, ఆపద చెప్పి రాదు. వచ్చిన ఆపదను దాచొద్దు. ఎగరడానికి ముందు పైలట్ తనను తాను అడుక్కోవాల్సిన వాటిలో జ్వరం, మందులు, మద్యం, అలసటతో పాటు ఒత్తిడి, మనసు బాగోలేకపోవడం కూడా ఉన్నాయి. ఇంట్లో చావు జరిగితే దినకర్మలు పూర్తి చేసుకునే రండి. ఇన్‌స్ట్రక్టర్‌కు ఒక్క మెసేజ్ చాలు, మేం కూడా అమ్మానాన్నలు ఉన్నవాళ్లమే.

ఇక పెళ్లి ఏప్రిల్‌లో జరిగినా, కార్తీకంలో జరిగినా కొన్ని చిన్న సంగతులు గుర్తుపెట్టుకోండి.

పేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటే రిలీజ్ అయ్యేదాకా ఆగండి. పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, మెడికల్, లైసెన్స్, లాగ్‌బుక్, ఈజీసీఏ (డీజీసీఏ వెబ్‌సైట్) ప్రొఫైల్ అన్నిటిలో పేరు ఒకేలా ఉండాలి. ఒక్కచోట మారి ఇంకోచోట మారకపోతే లైసెన్స్ మీద టైప్ ఎక్కాల్సిన ఫైలు అక్కడే ఆగుతుంది. నేను నా పుట్టింటి పేరుతోనే ఉన్నాను, మా అత్తగారింట్లో ఎవరూ ఏమీ అనలేదు.

మందులు. ముహూర్తానికి నెలసరి అడ్డు రాకూడదని వాయిదా మాత్రలు వేసుకోవడం మన ఇళ్లలో మామూలే. మీరు మాత్రం వేసుకునే ముందు ఏవియేషన్ మెడికల్ డాక్టర్‌ని అడగండి. దగ్గు సిరప్, హోమియో చుక్కలు, మౌత్‌వాష్‌లలో కూడా ఆల్కహాల్ ఉండొచ్చు, డ్యూటీకి ముందు బ్రెత్ టెస్ట్ ఉంటుంది. మన దేశంలో ఆల్కహాల్‌కూ ఫ్లయింగ్‌కూ మధ్య కనీసం 12 గంటలు ఉండాలన్నది నిబంధన. ఆ 12 గంటలు గడిచినా బ్రెత్ టెస్ట్‌లో సున్నా రావాల్సిందే. పెళ్లికొడుకు కూడా పైలట్ అయితే ఈ మాట ఆయన స్నేహితులకు కూడా చెప్పండి.

మెడికల్. నలభై ఏళ్ల లోపువాళ్లకు క్లాస్ 1 మెడికల్ (కమర్షియల్ పైలట్లకు ఉండాల్సిన వైద్య సర్టిఫికెట్) 12 నెలలు చెల్లుతుంది. మీది ట్రైనింగ్ మధ్యలో ముగిసేలా ఉంటే బ్యాచ్‌కు ముందే రెన్యువల్ చేయించుకోండి. పెళ్లికి సన్నబడాలని ఉపవాసాలు చేసి నీరసంగా మెడికల్‌కు వెళ్లకండి. రక్తం తక్కువగా ఉందని టెంపరరీ అన్‌ఫిట్ రాస్తే మొత్తం ప్లాన్ తారుమారవుతుంది.

పిల్లల గురించి మీరు అడగలేదు, కానీ పెళ్లయిన మరుసటి నెల నుంచే ఇంట్లో అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణం ప్రకారం, ఇబ్బందులు లేని గర్భమైతే 12వ వారం చివరి నుంచి 26వ వారం చివరి వరకు మాత్రమే ఫిట్‌గా పరిగణించవచ్చు. తెలిసిన రోజే ఫ్లయింగ్ ఆపి కంపెనీ వైద్య విభాగానికి చెప్పాలి, ఆపై వాళ్లు చెప్పినట్టే. 2017లో చట్టాన్ని సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. కానీ ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పని చేసి ఉండాలి. అంటే చేరిన కొత్తల్లో అది వర్తించకపోవచ్చు. నాకు పాప పుట్టినప్పుడు దాదాపు ఏడాది ఎగరలేదు. తిరిగి వచ్చాక గ్రౌండ్ రిఫ్రెషర్, సిమ్ సెషన్లు, చెక్, మళ్లీ ట్రైనర్ పక్కన సెక్టార్లు, అంటే ట్రిప్పులు. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతేనే ప్రయాణికులతో ఎగరనివ్వరు, ఏడాది గ్యాప్ సంగతి చెప్పక్కర్లేదు. అయినా అప్పటికే వందల గంటల లైన్ అనుభవం ఉండటంతో మూడో సెషన్‌కల్లా చేతులు దారిలోకి వచ్చాయి. రిలీజ్ అయి కనీసం ఏడాది ఎగిరాక అయితే ఇలాంటి గ్యాప్ వచ్చినా తిరిగి రాగలం. ఇది మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, చుట్టాలు నిర్ణయించేది కాదు.

ఇదే ప్రశ్న ఇంకా ఫ్లయింగ్ స్కూల్‌లో ఉన్న పిల్లలది అయితే లెక్క వేరు. అక్కడ వాతావరణం చూసుకోవాలి. మన ముహూర్తాలు ఎక్కువగా ఉండే మాఘం నుంచి వైశాఖం దాకా ఆకాశం బాగుండే నెలలే, సీపీఎల్‌కు కావాల్సిన 200 గంటలు త్వరగా పూర్తయ్యేది అప్పుడే. ఆ నెలల్లో ప్రతి చుట్టం పెళ్లికీ ఊరికొస్తే సీపీఎల్ ఏడాది వెనక్కి పోతుంది. వర్షాకాలంలో ఫ్లయింగ్ ఎలాగూ నెమ్మదిస్తుంది, ఉత్తరాదిన డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకు వారాల తరబడి విమానం కదలదు. ఇంటికి రావాలంటే అప్పుడు రండి, శ్రావణం పెళ్లిళ్లకు హాయిగా వెళ్లండి. ఒక్క జాగ్రత్త: లైసెన్స్‌కు దరఖాస్తు చేసే తేదీకి ముందు ఆరు నెలల్లో 15 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత తనదిగా) ఎగిరి ఉండాలి, టెస్టులూ ఆ ఆరు నెలల్లోవే కావాలి. 195 గంటల దగ్గర ఆపేసి ఇంట్లో అక్క పెళ్లి పనులకని నాలుగు నెలలు ఉండిపోతే, చేసిన టెస్టులే మళ్లీ చేయాల్సి వస్తుంది. అనంతపురం అబ్బాయి ఒకడికి అలాగే జరిగింది, వాళ్ల నాయన ఇంకో రెండు లక్షలు సర్దాల్సి వచ్చింది.

మీ విషయంలో ఈ వారం చేయాల్సినవి రెండు. అమ్మగారి డాక్టర్‌ని కలిసి ఆపరేషన్‌కు దగ్గరి తేదీ అడగండి. ట్రైనింగ్ విభాగానికి మెయిల్ పంపండి. పంపే ముందు ఆఫర్ లెటర్‌లో జాయినింగ్ తేదీ, బాండ్ గురించి రాసిన పేరాలు ఇక్కడ పెట్టండి, కంపెనీ పేరు తీసేసి. చదివి ఏం రాయాలో చెబుతాను.